తొమ్మిది

మా తాడిపత్రిలో రాయిని అద్దం చేస్తారు.
నేనూ చేసినా, పదైదేండ్లు.
బండ మీద నీళ్ళు పడతాంటాయి, చక్రం తిరుగుతాంటాది,
కొంచేపటికి రాతిలో మన మొగం తేలుతాది.
ఒకనాడు మొగం తేలకముందే
కుడిచేతి ఉంగరం వేలు పోయింది.

నొప్పి తర్వాత. ముందు నీళ్ళు ఎర్రబడినాయి.
కుళ్ళాయప్ప ఉరికొచ్చి మోటరు ఆపినాడు.
"ఎందుకాపినావురా, బండ సగంలో ఉండాది"
అన్న్యానంట నేను.

అనంతపురం పెద్దాసుపత్రిలో సూది వేసినారు.
చొక్కా విప్పినట్టు నన్ను నా నుంచి విప్పినారు.
ఫ్యాను పక్కన నిలబడి కిందికి చూసినా:
ఎవరో మనిషి, నోరు తెరుచుకొని,
వాని చెయ్యి ఒక పక్క, వాడొక పక్క.
గోడలు తడిపిన జొన్నపిండి మాదిరి
మెత్తగా ఊపిరి తీస్తాన్యాయి.
డాక్టరమ్మ మాటలు రంగుల్లో వినపడినాయి,
"దారం" అంటే పచ్చగా,
"చాలు" అంటే వంకాయ రంగులో.
అయ్యో, ఎవరు కన్న బిడ్డో, అనుకొన్న్యా.
అంత జాలి నా మీద నాకు
మళ్ళా ఇంతవరకు కలగలే.

ఆ తర్వాత మొదలైంది.

కలలో బీడీ ముట్టించుకుంటాంటే
అగ్గిపుల్ల చుట్టూ అయిదు వేళ్ళు.
రెండు చేతులూ చాపి ఎంచినా. మళ్ళా ఎంచినా. పది.
ఓహో, అయితే ఇది కల.
తెలిసినంక కల చెదిరిపోతాదంటారు. పోలే.
సినిమా హాల్లో లైట్లేసినా బొమ్మ ఆగనట్టు
నా నిద్ర నడిమధ్యలో
నేను మేలుకొని నిలబడినా.

మొదటి రాత్రులు చిల్లర పనులకే ఖర్చుపెట్టినా.
ఎగిరినా, అలవాటు కొద్దీ కరెంటు తీగలు తప్పించుకుంటా.
సేటు బల్ల మీద కూర్చొని వేలికెంత అని బేరమాడినా.
వాడు లెక్క రాసిచ్చిన కాయితం
రెండోసారి చదివితే అంకెలన్నీ చీమలై పోయినాయి.
మా పాపకు జడ వేసినా,
మూడు పాయలు, అన్ని వేళ్ళతో.
రిబ్బను జారలే.

ఒక రాత్రి ఫ్యాక్టరీ ఎనక బురదగుట్టలకు పోయినా.
పాలిష్ బురద, ఎండి సున్నమై, వెన్నెల కంటే తెల్లగా.
ఇందులోనే యాడో ఉంటాది.
తవ్వినా. తవ్వతానే ఉన్న్యా.
పది వేళ్ళతో తవ్వుతా పదోదాన్ని ఎతుకుతాండానని
శానా సేపటికి గాని తట్టలే.

సుంకమ్మకు చెప్పినా.
"ఆ కలలోకి నేనొస్తానా?"
వస్తావు గానీ వాకిలి కాడనే నిలబడతావు, అన్న్యా.
"మరి లోపలికి పిలువు, కల నీదే కదా"
అని రొట్టె తిప్పింది. పెనం మీద రొట్టె పొంగింది.
ఆ రాత్రి పిలిచినా.
వచ్చింది. నా చెయ్యి పట్టుకొని ఒక్కొక్క వేలే తడిమింది,
ఉంగరం వేలి కాడ ఆగి
"ఈ మనిషి నాకు తెలీదు" అనింది.

ఇంగ పగలు కూడా ఎంచడం పట్టుకుంది.
మాబ్బాషా టీ అంగట్లో, బస్సులో, కూలి తీసుకునేటప్పుడు.
తొమ్మిది. తొమ్మిది. సరే, నిజమే.
"ఎవరి బాకీ అప్పా?" అని నవ్వుతారు.
నేనూ నవ్వుతా.
మెలకువకు నా కాడ రసీదు ఉండాది.
వాళ్ళ కాడ?

మొన్న తెల్లారుజామున సుంకమ్మ తట్టి లేపింది.
పెన్న వచ్చిందంట.
పోయి చూస్తే ఊరంతా గట్టు మీదే.
నా పిల్లలు పుట్టినకాన్నుంచి ఇసుక లారీలు పారిన తావున
నీళ్ళు, ఎర్రగా, గట్టిగా మాట్లాడుకుంటా,
ఒక తాటిమానును దొర్లించుకుంటా.
ఎవరో ముసలామె పసుపు విసురుతాంది.
ఇన్ని నీళ్ళు కలలోనే కదా.
చేతులు లుంగీ మడతలో దాచి దొంగగా ఎంచినా.
తొమ్మిది.
మళ్ళా.
తొమ్మిదే.

పక్కన కుళ్ళాయప్ప కండ్లు నులుముకుంటాన్యాడు.
పాపం, వానికి పది ఉండాయి.
వానికెట్ల తెలుస్తాది?

దిగి చెయ్యి ముంచినా.
చల్లదనం ముందుగా
లేని వేలికే తగిలింది.